చెరిసగం రిమోట్

ఆమె పని పళ్ళు చేయడం. అలాగని డాక్టరు కాదు. డాక్టర్లు రోగుల నోళ్ళలోంచి తీసిన అచ్చుల్ని చిన్న చిన్న డబ్బాల్లో పెట్టి పంపిస్తారు. వాటిలో ప్లాస్టర్ పోసి, గట్టిపడ్డాక దానిమీద మైనంతో పన్ను నిలబెట్టి, అరగదీసి, పక్క పళ్ళకి తగ్గట్టు రంగు కలిపి, అసలు పన్ను తయారుచేసి అదే డబ్బాలో తిప్పి పంపిస్తుంది. ఇరవై రెండేళ్ళుగా ఇదే. కొన్ని వేల నోళ్ళు బాగుచేసింది గానీ వాటిలో ఒక్క నోరూ ఆమెతో మాట్లాడలేదు. ల్యాబ్ యజమానిని అందరూ పెద్దాయన అనేవారు. ఇంతమందికి పళ్ళు చేయించే ఆ పెద్దమనిషికి ముందు పన్ను లేదు. ఎవరైనా అడిగితే "తీరికేదమ్మా" అని ఆ సందులోంచే నవ్వేవాడు.

సాయంత్రం ఆరింటికి జుట్టులో పడ్డ ప్లాస్టర్ పొడి దులుపుకుని, రెండు బస్సులు మారి ఇంటికొచ్చేది. మూడో అంతస్తులో రెండు గదులు. ఒక దాంట్లో ఆమె ఉంటుంది, రెండో దాంట్లో ఎవరూ ఉండరు. ఆరేళ్ళ క్రితం వరకు అది అమ్మ గది. పెళ్ళి కూడా ఒకటి జరిగింది, మూడేళ్ళు నడిచింది, ఎవరికీ పెద్దగా కోపం రాకుండానే ఆగిపోయింది. దాన్ని తలుచుకోవాలని ఆమెకే లేదు, ఇక మనకెందుకు. చెప్పుకోవాల్సింది తమ్ముడి సంగతి.

తమ్ముడు ఆమెకన్నా ఐదేళ్ళు చిన్న. ఇంట్లో వాడి పేరు చిన్నోడు. నలభైకి దగ్గరపడ్డా చిన్నోడే. వేరే ఊళ్ళో ఉద్యోగం. అమ్మ పోయిన రోజు నుంచి అక్కతో మాట మానేశాడు. ఫోన్ చేస్తే ఎత్తడు. ఉత్తరం రాస్తే కవరు చింపకుండా తిరిగొచ్చింది. ఆరేళ్ళలో ఆమె అలవాటు పడిందనుకునేవాళ్ళు, నిజానికి ఒక్కరోజు కూడా అలవాటు పడలేదు.

ఒక శనివారం పిన్ని కూతురు ఫోన్ చేసింది. అటు వార్త ఇటు, ఇటు వార్త అటు మోయడంలో ఆ పిల్లని మించినవాళ్ళు లేరు.

"అక్కా, చిన్నోడు ఏదో గేమ్ గురించి పేజీలకి పేజీలు రాస్తున్నాడు తెలుసా? నాకు ఒక్క ముక్క అర్థం కాలేదనుకో. పేరు కూడా మార్చేసుకున్నాడు. అరప్రాణం అట!"

"ఎక్కడ రాస్తున్నాడే?"

"ఆడేవాళ్ళంతా చేరి కొట్టుకునే చోటు ఒకటుంటుందిగా, అక్కడ. నేను చెప్పానని చెప్పకు తల్లీ."

చెప్పడానికి వాడు మాట్లాడితే కదా.

ఆ గేమ్ పేరు 'ఏడు దీవుల దివిటీ'. జపాన్‌లో ఎవరో పదిమంది కూర్చుని చేశారు. నిన్నగాక మొన్న వచ్చిందే అయినా, కావాలనే ముప్ఫయ్యేళ్ళ నాటి దానిలా చేశారు. వేలెడంత మనుషులు, చదరపు చెట్లు, నాలుగడుగులు వేస్తే ఎక్కడినుంచో ఊడిపడే రాక్షసులు. మనం ఒక దెబ్బ కొట్టి, వాడు ఒక దెబ్బ కొట్టేదాకా మర్యాదగా నిలబడాలి. ఇంత మర్యాదస్తుల యుద్ధం గురించి పిన్ని కూతురు చెప్పిన ఆ ఫోరంలో జనం మాత్రం మర్యాద లేకుండా కొట్టుకుంటున్నారు.

"సత్రంలో పడుకుంటే తప్ప సేవ్ కాదట. ఈ రోజుల్లో కూడా ఇదేం పీడ? ఆఫీసు బస్సొచ్చి ఆపేశాను, రెండు గంటల ఆట బూడిదలో పోసిన పన్నీరు" అని ఒకడు. "పీడ కాదు నాయనా, అదే రుచి. అన్నీ నోట్లో పెట్టాలంటే ఇంటికెళ్ళి మీ అమ్మనడుగు" అని ఇంకొకడు. "మీరంతా పొగిడేది గేమ్‌ని కాదు, మీ చిన్నతనాన్ని. నా మార్కులు ఐదుకి రెండు" అని మూడోవాడు అందరి పుండు మీదా సమానంగా కారం చల్లి వెళ్ళాడు. ఒకావిడ సంగీతానికి ఐదు, కథకి నాలుగు ఇచ్చి, గుహలో దారులు గీసినవాడికి రెండు చెంపదెబ్బలు ఇచ్చింది. ఒకే విషయం మీద ఇంతమంది ఇంత శ్రద్ధగా తగువులాడుకోవడం ఆమె ఎక్కడా చూడలేదు. ఆ ఇంట్లో చాలాకాలం తర్వాత సందడిగా అనిపించింది.

వెతగ్గా వెతగ్గా అరప్రాణం దొరికాడు.

"ఐదుకి మూడు. యుద్ధాలు బంగారం. దెబ్బ తగిలే క్షణంలో బటన్ నొక్కితే రెట్టింపు దెబ్బ పడే పద్ధతి అద్భుతం, నాకింతవరకూ ఒక్కటీ తప్పలేదు. కానీ నడక దరిద్రం. ఎడమకి పొమ్మంటే గోడని గుద్దుకుంటాడు. కొయ్య వంతెన మీద నలభైసార్లు నీళ్ళలో పడ్డాను. ఈ నడక పెట్టినవాణ్ణి అదే వంతెన మీద నడిపించాలి."

దానికింద అరవై మంది చేరి నవ్వారు. "నడక బాగానే ఉంది సార్, మీ వేలు చూపించుకోండి." "ఆడలేక మద్దెల ఓడు అన్నాడట." "మా ఎనిమిదేళ్ళ పాప ఆ వంతెన మీద పరిగెత్తింది."

ఆమె కూడా నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. వాడికి నడవడం ఎందుకు రాదో ఈ భూమ్మీద తెలిసిన మనిషి ఆమె ఒక్కతే.

చిన్నప్పుడు వాళ్ళింట్లో ఒకటే రిమోట్ ఉండేది. ఇప్పుడు కంట్రోలర్ అంటున్నారు గానీ అప్పుడు రిమోటే. నేనంటే నేనని జుట్లు పట్టుకుంటుంటే అమ్మ చెరో అరగంట అని తీర్పు చెప్పింది. ముందు అరగంట ఎవరిదన్నదాని మీద మళ్ళీ జుట్లు పట్టుకున్నారు. చివరికి వాళ్ళే ఒక ఒప్పందానికొచ్చారు. పక్కపక్కన అతుక్కుని కూర్చుని, రిమోట్ ఎడమ సగం అక్క, కుడి సగం తమ్ముడు పట్టుకోవాలి. నడిపించేది అక్క. కత్తి దూసేది, మందు తాగించేది, ఎదురొచ్చినవాళ్ళతో మాట్లాడేది తమ్ముడు. ఎనిమిదేళ్ళు అలాగే ఆడారు, ఎన్నో రాజ్యాలు కాపాడారు. ఆ తర్వాత ఆమె ఆటలు మానేసింది, వాడు కుడిచేతితోనే నెగ్గుకొచ్చే ఆటలేవో చూసుకున్నాడు. వాడి ఎడమ బొటనవేలికి ఒక్కడే నడవడం ఎవరూ నేర్పలేదు.

ఆ మర్నాడే ఆమె వెళ్ళి గేమ్‌నీ, దాన్ని ఆడే పెట్టెనీ కొనుక్కొచ్చింది. ఆమె పరిస్థితి మరీ అన్యాయం. నడకలో తిరుగులేదు. కొయ్య వంతెన మీద కళ్ళు మూసుకుని నడిచింది. కానీ కుడి బొటనవేలు మొద్దుబారినట్టుండేది, దెబ్బ తగిలే క్షణంలో వచ్చే మెరుపు మెరిశాక ఎప్పటికో నొక్కేది. మొదటి దీవి అంగుళం అంగుళం చుట్టివచ్చింది, ఒక్క ఎలకనీ చంపలేకపోయింది.

ఫోరంలో చేరాలంటే ఒక పేరు కావాలి. దారిన పోయే దానయ్యని అనుకుని 'దానయ్య' అని పెట్టుకుంది. మగవాడనుకుంటే అనుకోనీ. తమ్ముడి అభిప్రాయం కింద అరవై ఒకటో మాట ఆమెదే:

"అరప్రాణం గారు చెప్పింది నిజమే. కొందరికి ఆ నడక పడదు. బాణం గుర్తుని నొక్కిపట్టకండి. ఒక్కో అడుగుకి ఒక్కోసారి నొక్కి వదిలెయ్యండి. వంతెన మీద నీళ్ళని చూడొద్దు, మన మనిషి తలనే చూడండి."

రెండు రోజులకి జవాబొచ్చింది. "దాటేశాను దానయ్యగారూ! మూడు వారాలుగా దాని మీద చస్తున్నాను. మీ రుణం ఉంచుకోను, మీకేం రాదో చెప్పండి."

ఆమె తనకి కొట్టడం రాదని చెప్పింది. అక్కణ్ణుంచి విడిగా సందేశాలు మొదలయ్యాయి. మెరుపు చూసి నొక్కితే ఆలస్యమని, కత్తి పట్టిన చెయ్యి పైకి లేస్తున్నప్పుడే నొక్కాలని వాడు నేర్పాడు. గుహలో కుడి గోడ పట్టుకుని పోతే దారి తప్పదని ఆమె నేర్పింది. "మీరు నడకలో దిట్ట, నేను కొట్టుడులో. మనిద్దరం కలిస్తే ఒక మనిషి దానయ్యగారూ" అని ఒకసారి రాశాడు. ఆమె ఫోన్ పక్కన పెట్టి బాల్కనీలోకి వెళ్ళి, ఎదుటి మేడ మీద ఆరేసిన దుప్పట్లు చూస్తూ నిలబడింది.

నాలుగు నెలలు ఆమె సుఖంగా బతికింది. ఉన్నమాట చెప్పుకోవాలి, అది దొంగ సుఖమని ఆమెకి తెలుసు. తమ్ముడు మాట్లాడుతున్నది దానయ్యతో, అక్కతో కాదు. అయినా మధ్యాహ్నం అన్నాల వేళ ఫోన్ మోగితే ఆమె ముఖం మారిపోయేది. పక్క బల్ల దగ్గర పళ్ళకి రంగులు కలిపే అమ్మాయి ఒకరోజు పట్టేసింది.

"ఏంటక్కా, ఫోన్ చూసి తెగ మురిసిపోతున్నావు? ఎవరో చెప్పొచ్చుగా."

"మా తమ్ముడు."

"నీకు తమ్ముడున్నాడా! ఇన్నేళ్ళలో ఒక్కసారీ చెప్పలేదే!"

ఆమె డబ్బా తెరిచి పనిలో పడింది.

మూడో దీవిలో ఒక ఘట్టం ఉంది. హీరో చిన్నప్పుడు వదిలేసి వచ్చిన ఇల్లు అక్కడే. తల్లికి చూపు పోయింది. రేవులో కూర్చుని వచ్చేపోయేవాళ్ళని ఆపి, చివరికి హీరోనే ఆపి, "దారిలో మావాడు కనిపించాడా బాబూ" అని అడుగుతుంది. నేనే నీ కొడుకునని చెప్పడానికి ఆటలో ఏ బటనూ లేదు. ఫోరంలో ఐదుకి రెండిచ్చిన ఆ కారం చల్లినవాడు కూడా ఈ ఒక్క చోట మెత్తబడి, "సరే, మూడు" అని దిద్దుకున్నాడు. ఏడ్చామని రాసినవాళ్ళకి లెక్కలేదు. అరప్రాణం మాత్రం ఏమీ రాయలేదు. మీకు నచ్చలేదా అని దానయ్య విడిగా అడిగాడు.

జవాబు మర్నాడు మధ్యాహ్నం వచ్చింది. ఆమె అప్పుడే అన్నం డబ్బా మూత తీసింది.

"ఆ ముసలమ్మ దగ్గరికి నేను వెళ్ళను దానయ్యగారూ. వెనకనుంచి చుట్టు తిరిగి పోతాను. మా అమ్మ చివర్లో మూడు రోజులు ఆస్పత్రిలో ఉంది. నాకు తెలియనివ్వలేదు. నేను వెళ్ళేసరికి అంతా అయిపోయింది. అదైనా ఎలాగో మింగాను. కానీ ఆవిడ నన్ను ఒక్కసారి కూడా అడగలేదట. వాడికి చెప్పొద్దని తనే అందట. మా అక్క చెప్పింది. అక్క ముఖం చూస్తే ఆ మాటే గుర్తొస్తుంది, అందుకే చూడటం మానేశాను. అమ్మకి అంత విసుగొచ్చేలా నేనేం చేశానా అని ఆరేళ్ళుగా ఆలోచిస్తున్నాను. ఇంతవరకూ దొరకలేదు."

ఆమె మూత మళ్ళీ పెట్టేసింది.

చెప్పలేదన్న కోపంతో తమ్ముడు దూరమయ్యాడని ఆమె ఇన్నాళ్ళూ అనుకుంది. అది కోపమైతే ఎప్పటికో చల్లారేది. వాడు మోస్తున్నది వేరు. దాన్ని వాడి నెత్తిన పెట్టింది తనే, అదీ పచ్చి అబద్ధం. ఆ రోజు ఆస్పత్రి మెట్ల మీద వాడు భుజాలు పట్టుకుని కుదిపి "నాకెందుకు చెప్పలేదు?" అని అడిగితే భయమేసి, తన తప్పుని అమ్మ మీదకి నెట్టేసింది. అమ్మే వద్దంది, అసలు నిన్ను అడగనేలేదు అనేసింది. పోయిన మనిషి వచ్చి కాదని చెప్పదు కదా. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమంటారు. ఆమె తీసుకోవడానికి ప్రయత్నమైనా చెయ్యలేదు.

నిజం చెబితే వాడి బరువు దిగుతుంది. చెప్పిన మరుక్షణం దానయ్యా పోతాడు, అక్కా పోతుంది. చెప్పకపోతే మధ్యాహ్నం అన్నాల వేళ ఫోన్ మోగుతూనే ఉంటుంది, వాడు ముసలమ్మని తప్పించుకుని చుట్టు తిరుగుతూనే ఉంటాడు. రెండు వారాలు ఆమె ఈ రెంటి మధ్యా నలిగింది. సిగ్గువిడిచి చెప్పాలంటే, అందులో పది రోజులు చెప్పకూడదనే అనుకుంది. ఒంటరితనం మనిషిని అంత స్వార్థపరురాలిని చేస్తుందని ఆమెకి అంతకుముందు తెలియదు. ఆ రోజుల్లోనే ఒకాయనకి కుడివైపు కట్టాల్సిన మూడు పళ్ళ బ్రిడ్జిని ఎడమవైపుకి చేసి పంపింది. ఇరవై రెండేళ్ళలో అలాంటి పొరపాటు అదే మొదటిది.

పెద్దాయన డబ్బా తెచ్చి ఆమె ముందు పెట్టాడు. "ఇది ఎవరి నోట్లోనూ పట్టదమ్మా. ఒంట్లో బాలేదా?"

"బాగానే ఉంది. మళ్ళీ చేస్తాను."

"ఇంటికెళ్ళు. రేపు చేద్దువుగాని."

ఇంటికెళ్ళింది. సాయంత్రం ఎండ ఇంకా గదిలోనే ఉంది. కుర్చీ కిటికీ దగ్గరికి లాక్కుని కూర్చుని, దానయ్య పేరుమీదే రాయడం మొదలుపెట్టింది. ఆ ఒక్క తలుపే తెరిచి ఉంది మరి.

"చిన్నోడా, నేను అక్కని. దానయ్య ఎవరూ లేరు, నేనే. నీకు నడవడం ఎందుకు రాదో నాకు తెలుసు, ఎడమ సగం నా చేతిలో ఉండేది గనక. నాలుగు నెలలు నిన్ను మోసం చేశాను. దానికెంత తిట్టినా పడతాను. ముందు ఇది చదువు. అమ్మ నిన్ను అడిగింది. నీకు చెప్పొద్దని అమ్మ అనలేదు, నేనే చెప్పలేదు. ఆదివారానికి ఇంటికి పంపేస్తామన్నారు డాక్టర్లు. నీది కొత్త ఉద్యోగం, ఇప్పుడు సెలవడిగితే తీసేస్తారని అంతకుముందు వారమే అన్నావు. ఇంటికి తీసుకొచ్చాక చెబుదాంలే అనుకున్నాను. మూడోరోజు పొద్దున్నే పోయింది. మెట్ల మీద నువ్వు అడిగితే భయమేసి నోటికొచ్చిన అబద్ధం చెప్పాను. తప్పు నాది. అమ్మది కాదు, నీది అసలే కాదు. నువ్వేం చేశావా అని ఇంక వెతుక్కోకు."

రెండోసారి చదివితే పంపలేనని తెలిసి, చదవకుండా పంపేసింది. పది నిమిషాలకి దానికింద 'చదివారు' అన్న గుర్తు వచ్చింది. ఇంకేమీ రాలేదు.

వారం గడిచింది. ఫోరంలో అరప్రాణం అలికిడి లేదు. "అరప్రాణం గారు ఏరీ? పూర్తి ప్రాణం పోయిందా?" అని ఎవడో వేళాకోళమాడితే పదిమంది నవ్వారు. ఆమెకి వాణ్ణి అచ్చులో పోసి ప్లాస్టర్ కప్పెయ్యాలన్నంత కోపం వచ్చింది. గేమ్ ముట్టుకోలేదు. ఆదివారం అమ్మ గది ఊడ్చి, తడిగుడ్డ పెట్టింది. చెయ్యడానికి ఇంకేమీ లేక మళ్ళీ ఊడ్చింది.

తొమ్మిదో రోజు ల్యాబ్‌లో ఉండగా ఫోన్ మోగింది.

"ఏమని అడిగింది? ఆవిడ అన్న మాటలు అన్నట్టే రాయి. నీవి కలపకు."

చేతి తొడుగులు విప్పి, పళ్ళు అరగదీసే మిషన్ ఆపి, బల్ల ముందే కూర్చుని రాసింది.

"మంచం తలుపుకి ఎదురుగా ఉండేది. వరండాలో ఎవరి అడుగులు వినపడ్డా 'వాడేనేమో చూడు' అనేది. నేను లేచి తలుపు తీసి చూసేదాన్ని. నీకు చెప్పలేదని నాకు తెలుసు, అయినా లేచి చూసేదాన్ని. 'కాదమ్మా, నర్సు' అనేదాన్ని. 'రైలు ఆలస్యమై ఉంటుంది' అనేది. నేను నీకు చెప్పాననే అనుకుంది. రెండు రోజుల్లో పది పన్నెండుసార్లు లేచాను. రెండోరోజు సాయంత్రం 'ముక్కులో ఈ గొట్టం తీసెయ్యమను, వాడు చూస్తే భయపడతాడు' అంది. వాళ్ళు తియ్యలేదు. 'అయితే వాడొచ్చే ముందు దుప్పటి పైకి లాగు' అంది. నిద్రపోయేదాకా దుప్పటి అంచు చేత్తో పట్టుకునే ఉంది. పొద్దున్న మరి లేవలేదు. ఇంతే. ఏమీ కలపలేదు."

'చదివారు' అని వెంటనే వచ్చింది. వాడు అవతల ఏడుస్తున్నాడని ఆమెకి తెలుసు. ఏడ్చేటప్పుడు వాడికి ఎక్కిళ్ళొస్తాయి, మంచినీళ్ళు ఇచ్చి వీపు రాయాలి. అక్కడ ఎవరున్నారో, అసలు ఎవరైనా ఉన్నారో లేదో.

గంట తర్వాత వచ్చింది.

"ఇది చాలు. ఇంక రాయకు అక్కా."

ఆమె 'అక్కా' అన్న ఆ చివరి మాట దగ్గరే ఆగిపోయింది. ఎంతసేపు చూసిందో ఆమెకే తెలియదు. రాయడానికి ఇంకా బోలెడుంది, చెయ్యి కూడా ఫోన్ మీదకి వెళ్ళింది. నువ్వు తిన్నావా అని, ఒక్కసారి ఫోన్ ఎత్తరా అని, క్షమించొద్దులే గానీ తిట్టడానికైనా రారా అని. వాడికి ఏది మంచిదో వాడికన్నా తనకే ఎక్కువ తెలుసనుకుని ఒకసారి బతుకు ముక్కలు చేసుకుంది. ఈసారి వాడు ఏం కావాలో తనే చెప్పాడు.

పెద్దాయన వచ్చి, "అమ్మా, ఆ డబ్బా అయిందా? డబ్బాలు తీసుకెళ్ళే కుర్రాడు వచ్చి నిలబడ్డాడు" అన్నాడు.

"ఐదు నిమిషాలు" అంది. కళ్ళు తుడుచుకుని, తొడుగులు వేసుకుని, పని ముగించింది. ఆ రోజు రాయలేదు, మర్నాడూ రాయలేదు. వాడు వద్దన్నాడని ఊరుకుంది.